పొత్రం ఊగిన ఉయ్యాల

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ గట్టు వెనక వీధిలో, సత్యవేణి అని ఒక పిల్ల ఉండేది. ఆ పిల్ల పైకి ఎన్నడూ అనని మాట ఒకటుంది. అమ్మకీ చెప్పలేదు, అక్కకీ చెప్పలేదు. అదేమిటో తెలుసా బంగారం? తను చేసిన కుర్చీలో తను ఎప్పుడూ కూర్చునేది కాదు. విరుగుతుందేమోనని భయం!

చెయ్యడం మాత్రం మానేది కాదు. పెరటి వరండా నిండా రంపాలూ, సుత్తులూ, రంపప్పొట్టూ. ఎవరూ నేర్పలేదు. ఫోనులో చూసి, చెక్కలు పాడుచేసి, వేళ్ళు చితక్కొట్టుకుని తనంతట తనే నేర్చుకుంది. ఓసారి స్టూలు చేస్తే ఒక కాలు పొట్టిదైంది. సమానం చేద్దామని మిగతా కాళ్ళు కోసింది. కోసి కోసి చివరికి అది పీటై కూర్చుంది. "పోనీలే, ఇంట్లోకి పీట కూడా కావాలిగా" అంది. అంత మొండిది.

అప్పుడు వాళ్ళక్క నాగమణి పురిటికి పుట్టింటికొచ్చింది. బొద్దుగా, బూరెలాంటి పాప పుట్టింది. పాపని చూడ్డానికి అక్క అత్తగారు వీరభద్రమ్మగారు పక్క ఊరి నుంచి వచ్చారు.

"బారసాలకి ఉయ్యాల నేనే చేస్తానండీ అత్తయ్యగారూ" అంది వేణి.

"నువ్వా? మా అటక మీద మీ బావ ఊగిన ఉయ్యాల ఉందే పిల్లా. ఒక్క మాట చెప్పు, దింపించి తెస్తాను."

"అక్కర్లేదండీ."

"సరే మేస్త్రీగారూ! నాలుగు జానల పొడుగైనా ఉండాలి మరి. నీ స్టూల్లాగా కోసి కోసి నా మనవరాలిని చాటలో పడుకోబెట్టేవు!"

ఇంటిల్లిపాదీ పకపకా నవ్వారు. వేణి చెవులు ఎర్రగా కందిపోయాయి. చేసి చూపించాల్సిందే అనుకుంది.

అత్తయ్యగారు వాళ్ళ ఊరెళ్ళగానే పనిలో దిగింది. మొదటిసారి తన చేత్తోనే నాలుగు జానలు కొలుచుకుంది. కోసింది, బిగించింది. అప్పుడు అమ్మ పాపని తెచ్చి పక్కన పెట్టి చూస్తే ఏముంది? తల ఇటు అంచుకొస్తోంది, కాళ్ళు అటు అంచుకొస్తున్నాయి! అత్తయ్యగారి చెయ్యి విసనకర్రంత, వేణి చెయ్యి తమలపాకంత. ఆ జానా ఈ జానా ఒకటవుతాయా మరి?

"ఇది ఉయ్యాలటే, అగ్గిపెట్టెటే?" అంది అక్క. అమ్మ అందులో ఉల్లిపాయలు పోసుకుంది.

ఆ తర్వాత రెండోసారి. ఈసారి టేపు పెట్టి కొలిచింది. కొలత కుదిరింది కానీ తొందర ఆగలేదు. ముందు చిల్లు పెట్టకుండానే చెక్క అంచున మేకు దిగ్గొట్టింది. చెక్క టప్పుమని ఈ చివర్నించి ఆ చివరికి చీలిపోయింది. చీలిన చెక్కల్ని అమ్మ చిక్కుడు పాదుకి ఊతం పెట్టింది.

"ఉయ్యాల రాకపోయినా చిక్కుళ్ళు వస్తాయిలేవే" అంది అక్క.

వేణి వేలికి గుడ్డ చుట్టుకుని మళ్ళీ రంపం పట్టుకుంది.

ఆ తర్వాత మూడోసారి. ముందు చిల్లులు పెట్టింది. ఎక్కడా పేడు గుచ్చుకోకుండా చెంపకి ఆనించి చూసుకుంటూ నున్నగా చిత్రిక పట్టింది. నూనె రాసింది. గొలుసులతో దూలానికి వేలాడదీసింది. అబ్బ, ఎంత ముద్దుగా ఉందనుకున్నావు! అమ్మ దిష్టి కూడా తీసింది. తెల్లారితే బారసాల.

వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఉయ్యాల్లో పాపకంటే ముందు రుబ్బురోలు పొత్రాన్ని పడుకోబెడతారు. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొత్తగుడ్డ చుట్టి, ఆ రాయిలా గట్టిగా బతకమ్మా అని ఊపుతారు. రేపు చెయ్యాల్సిన పని అది. వేణి ఆగితేనా! ఆ మధ్యాహ్నమే పొత్రం మోసుకొచ్చి ఉయ్యాల్లో పెట్టింది. ఒక ఊపు ఊపింది. రెండో ఊపు ఊపింది. మూడో ఊపుకి కిర్రుమని అడుగు చెక్క ఊడి, ధభీమని కింద పడింది!

"పాప పడిపోయిందా అమ్మమ్మా?"

లేదమ్మా, పడింది పొత్రమే. గచ్చు పగిలిందంతే. పాప గదిలో అక్క పక్కన హాయిగా నిద్రపోతోంది.

అప్పుడు వేణి పళ్ళ బిగువున అడుగు చెక్క మళ్ళీ ఎక్కించింది. ఇంకా పెద్ద మేకులు కొట్టింది. మళ్ళీ పొత్రం పెట్టి ఊపింది. ఈసారి ఊడలేదు.

"అయిందా?" అని గదిలోంచి అక్క కేకేసింది.

"అయింది" అంది వేణి.

అంది కానీ, దాని అరచెయ్యి మాత్రం ఉయ్యాల కిందే ఉండిపోయింది. తీసేద్దామనుకుంది, తియ్యలేకపోయింది. పొత్రమంటే కదలదు. పాప తన్నుతుంది, దొర్లుతుంది. రేపు చుట్టాలంతా పాట పాడుతూ ఊపుతుంటే తను ఎంతసేపని చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడుతుంది?

అప్పుడు ఉయ్యాలని నెమ్మదిగా కిందికి దింపింది. "నీ సంగతి ఎల్లుండి చూస్తాను. నిన్ను వదిలేది లేదు" అని దాన్ని ఒక్క చరుపు చరిచింది.

వీరభద్రమ్మగారు నవ్వుతారు. నలుగురికీ చెప్పి మరీ నవ్వుతారు. నవ్వనీ. ఆ అటక మీది ఉయ్యాల దింపించి, దులిపించి తేవాలంటే ఇప్పుడే చెప్పాలి.

చేతికంటిన పొట్టు పావడాకి తుడుచుకుంది. ఫోను తీసింది. అత్తయ్యగారి పేరు వెతికి, చెయ్యాల్సిందే అనుకుని నొక్కింది.

కథేమో కంచి బస్సెక్కింది,
దుప్పటి మెడదాకా ఎక్కింది,
కునుకు నా తల్లి రెప్పెక్కింది.