లారీ మలుపు దగ్గర గంధం గిన్నె

దస్తగిరి బండి మారుస్తున్నాడన్న సంగతి నంద్యాలలో తెలియని వాళ్లు లేరు. అతని పరుపుల అంగడికి దిండు కొనడానికి వచ్చినవాళ్లకు కూడా కూర్చోబెట్టి చెప్పేవాడు.

మామూలు బండి కాదు అది. గతుకుల దారుల్లో, కొండల్లో రోజుల తరబడి తిరగడానికి పనికొచ్చే ఎత్తు మోటారుసైకిలు. రెండు పక్కలా పెట్టెలు తగిలించుకోవచ్చు. అలాంటి బండి మీద అతను మంచు కొండల దాకా పోయి వచ్చినవాడు. వాళ్ల నాయన దూది మూటలు మోసింది కూడా అతను ఇప్పుడు నడిపే కంపెనీ బండి మీదే. ఆ కంపెనీని ఎవరైనా ఒక్క మాట అంటే దస్తగిరి ఊరుకునేవాడు కాదు. వేరే కంపెనీ బండ్లు కొన్న స్నేహితులను ఏడిపించి వదిలేవాడు. అటువంటి మనిషి కంపెనీ మారుస్తానంటుంటే, ఎన్నికల ముందు కండువా మార్చిన నాయకుణ్ణి చూసినట్టు చూస్తున్నారు స్నేహితులు.

ఎందుకని అడిగితే ఒకటే జవాబు. ఆ బండి ముందు చక్రాన్ని నమ్మడానికి లేదు, అంతే.

అది పైకి చెప్పే మాట. లోపల మనిషికి భయం పట్టుకుంది. అది పట్టుకుని ఏడాది అయింది.

దస్తగిరికి గురువు పక్కీరప్ప సామి. జిల్లేడుబండలో చిన్న ఇంట్లో ఉంటాడు. గడ్డం తప్ప ఒంటి మీద బరువు లేని మనిషి. సామికి గురువైన పెద్దసామి సమాధి కనుమ అవతల కొండ మీద ఉంది. ఏటా ఆయన పేరిట జరిగే ఉరుసు రోజు ఇక్కడ సామి ఇంట్లో గంధం అరగదీస్తారు. దాన్ని గిన్నెలో పెట్టి, పైన పూలు కప్పి, మధ్యాహ్నం నమాజుకు ముందే ఆ సమాధికి చేర్చాలి. సామి పాదాల దగ్గర చేరినప్పటి నుంచి ఆ సేవ దస్తగిరిది. సామి వెనక కూర్చుని గిన్నె ఒళ్లో పెట్టుకుంటే, దస్తగిరి గద్దల కనుమ ఎక్కించి తీసుకుపోయేవాడు.

కనుమలో సగం దూరం పోయాక లారీ మలుపు వస్తుంది. అక్కడ రోడ్డు గుర్రపు నాడాలాగా లోయ చుట్టూ లోపలికి వంగుతుంది. ఈ చివరన నిలబడితే లోయ మీదుగా ఆ చివర కనబడుతుంది. నడి మలుపులో పిట్టగోడ కొంత మేర లేదు. ఎప్పుడో ఒక లారీ దాన్ని పగలగొట్టుకుని లోయలోకి పోయింది. ఆ సందును మళ్లీ ఎవరూ కట్టలేదు.

పోయిన ఉరుసుకు దస్తగిరి అక్కడే పడ్డాడు. బండి ఆ సందు వైపే పోయి, అంచున ఉన్న రాళ్లకు తగిలి పడింది. అతని మోకాలు చీరుకుపోయింది. సామి కుడి మణికట్టు విరిగింది. గిన్నె మాత్రం సందులోంచి జారి లోయలోకి పోయింది. అది రాయి మీద నుంచి రాయి మీదికి పడుతూ పోయిన చప్పుడు చాలాసేపు వినబడింది. ఆ ఏడు పెద్దసామికి జిల్లేడుబండ గంధం అందలేదు.

సామి చెయ్యి అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. ఆ పిడికిలి ఇప్పుడు పూర్తిగా మూసుకోదు. సామి ఒక్క మాట కూడా అనలేదు. అదే దస్తగిరిని ఎక్కువ కాల్చింది. తిట్టి ఉంటే తేలికపడేవాడేమో. గిన్నె పడుతున్న చప్పుడు అతనికి నిద్రలో కూడా వినబడేది. ఈసారి అక్కడ పడితే గిన్నె కాదు, సామే పోతాడని అతని మనసుకు గట్టిగా తోచింది.

అందుకే కంపెనీల వెంట పడ్డాడు. ఒక కంపెనీ బండి బ్రేకు ఎంత గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకోదట. ఇంకో కంపెనీ బండి చక్రం జారబోతుంటే తనే కనిపెట్టి వేగం తగ్గిస్తుందట. ఉన్న షోరూములన్నీ తిరిగాడు. రాత్రుళ్లు ఫోనులో వీడియోలు చూసి పొద్దున అంగట్లో ఆవులించేవాడు. ఏదీ తేల్చుకోలేకపోయాడు. తేల్చుకుంటే కనుమ ఎక్కాలి కదా.

ఉరుసు దగ్గరపడ్డాక సామి దగ్గరికి పోయాడు. ఏ కంపెనీ బండి ఎట్లా ఆగుతుందో, ఎట్లా మలుపు తిరుగుతుందో అంతా ఏకరువు పెట్టాడు. సామి బొరుగులు నములుతూ ఓపికగా విన్నాడు.

"ఏది తీసుకోమంటారు సామీ?"

"మొన్న జీపు వాళ్లు వచ్చినారు. ఉరుసుకు తీసుకపోతామన్నారు," అన్నాడు సామి.

దస్తగిరికి గుండెల మీద నుంచి బండరాయి దింపినట్టయింది. జీపైతే మేలు సామీ, చెయ్యి కూడా బాగాలేదు, నేను వెనకాలే వస్తానని గబగబా అన్నాడు.

"వద్దన్నాను. దస్తగిరి తీసుకపోతాడని చెప్పినాను. జీపులో నాకు తల తిరుగుతాది."

సామికి జీపులో తల తిరుగుతుందన్న సంగతి ఆ ఊళ్లో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. దస్తగిరి ఎదురు చెప్పలేక ఇంటికి పోయాడు.

ఉరుసు నాడు పొద్దున్నే కొత్త కంపెనీ బండి వేసుకుని వచ్చాడు. ఇంకా కొనలేదు. షోరూము వాళ్లు, ఎట్లాగూ కొనేవాడే కదా అని, నడిపి చూడమని ఒక రోజుకు ఇచ్చారు. సాయంత్రానికి అప్పజెప్పాలి. బండి పొడవూ ఎత్తూ చూసి ఊరి పిల్లలు మూగారు. సామి దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఇంట్లోంచి పీట తెప్పించుకుని, దాని మీద నిలబడి ఎక్కాడు. కొత్త గిన్నెను ఎడమ చేత్తో ఒళ్లో అదుముకున్నాడు. వంకర చెయ్యి దస్తగిరి భుజం మీద వేశాడు.

కింది రోడ్డులో బండి వెన్నలాగా పోయింది. దస్తగిరికి కొంచెం ధైర్యం వచ్చింది. ఇన్నాళ్లూ పాత కంపెనీని పట్టుకుని ఎంత మోసపోయానో అనుకున్నాడు. కనుమ మొదలయ్యాక మాటలు తగ్గించాడు. ఇంకో రెండు వంపులు దాటాక అసలు మాట్లాడటం మానేశాడు.

లారీ మలుపు వచ్చింది. మలుపుకు ముందే, దూరం నుంచే, అతనికి సందు కనబడింది. పిట్టగోడలో పన్ను ఊడిన చోటు లాగా ఉంది. దాన్ని చూస్తూనే ఉన్నాడు. అటు పోకూడదు, అటు పోకూడదు అనుకుంటూ దాన్నే చూస్తున్నాడు. బండి మెల్లగా రోడ్డు అంచుకు జరుగుతోంది. కొత్త బండి, కొత్త చక్రాలు, కొత్త బ్రేకులు, అన్నీ కలిసి తిన్నగా సందు వైపే పోతున్నాయి.

ఒక్కసారిగా బ్రేకు నొక్కాడు. షోరూము వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, బండి జారకుండా ఆగింది. సందుకు ఇంకా చాలా ఇవతలే, మలుపు మొదట్లోనే ఆగింది. పక్కన సున్నం కొట్టిన కిలోమీటరు రాయి ఉంటే దాని మీద కాలు ఆనించాడు. ఆ కాలు కుట్టు మిషను తొక్కుతున్నట్టు వణుకుతోంది. చెవుల్లో గిన్నె చప్పుడు మొదలైంది.

"నా వల్ల కాదు సామీ. ఈ బండి కూడా అటే లాగుతాంది."

సామి వెనక నుంచి అడిగాడు.

"ఇంతసేపు యాడ చూస్తాంటివి?"

దస్తగిరి వేలు ఎత్తి సందును చూపించాడు. చూపించిన వేలు అట్లాగే గాలిలో నిలిచిపోయింది.

సామి బండి దిగాడు. గిన్నె పట్టుకుని, రోడ్డు దాటి, కొండ వైపు అంచున నడక సాగించాడు. దస్తగిరి పిలిచాడు, వినిపించుకోలేదు. మలుపంతా చుట్టి, లోయకు అవతల, మలుపు ముగిసే చోట ఒక తపసి చెట్టు కింద ఆగాడు. ఇటు తిరిగాడు. గంధం గిన్నె నెత్తి మీద పెట్టుకుని, ఊరేగింపులో పట్టుకున్నట్టు, ఆ వంకర చేత్తోనే పట్టుకున్నాడు.

"దా!" అని కేక వేశాడు.

దస్తగిరికి అంతకు ముందు లేని కొత్త భయం పుట్టింది. పిడికిలి మూసుకోని చెయ్యి అది. గిన్నె పడుతుందేమో. చూసిన చోటికి బండి పోతుందంటే సామి మీదికే పోతుందేమో. వెనక్కి తిప్పుకుని పోదామని కూడా అనిపించింది, ఆ సంగతి తర్వాత అతనే చెప్పుకున్నాడు. కానీ సామి చెయ్యి దించలేదు. ముసలి చెయ్యి ఎంతసేపని నిలుస్తుంది? ఆ తొందరలోనే గేరు వేశాడు.

కంటి పక్కన సందు కదిలింది. పిలిచినట్టే అయింది. దస్తగిరి తిరగలేదు. గిన్నెనే చూశాడు. గిన్నె మీద బంతిపూలు, పూల కింద వేళ్లు, మూసుకోని వేళ్లు. చూస్తుండగానే అవి దగ్గరకు వచ్చాయి. పూల మీద తేనెటీగ ఒకటి వాలి ఉంది. అది కనబడ్డాక గానీ మలుపు అయిపోయిందని అతనికి తెలియలేదు. బండి సామికి మూరెడు దూరంలో మెత్తగా ఆగింది.

దస్తగిరికి ఏడుపు వచ్చింది. సామి గిన్నె దించి, చెయ్యి విదిలించుకుని, ఎక్కడానికి ఎత్తు రాయి ఏదైనా ఉందా అని చుట్టూ వెతుక్కున్నాడు.

మధ్యాహ్నం నమాజుకు ముందే గంధం పెద్దసామి సమాధికి చేరింది. పోయిన ఏడు గంధం రాలేదని గొణిగినవాళ్లే ఎదురొచ్చి గిన్నె అందుకున్నారు. భోజనాలయ్యాక దస్తగిరి సామి పక్కన కూర్చుని, పొద్దున్నుంచి గొంతులో ఉన్న ప్రశ్న మళ్లీ అడిగాడు. పాత కంపెనీలోనే ఉండమంటారా, కొత్త కంపెనీకి మారమంటారా?

"నీకు నచ్చింది కొనుక్కో. ఇది మంచిగానే ఉంది," అన్నాడు సామి. "పీట మాత్రం మరిచిపోవద్దు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. దస్తగిరి కూడా నవ్వాడు. నవ్వుతుండగానే ఇంకో సంగతి గుర్తొచ్చి ముఖం పాలిపోయింది. ఉరుసు ముగిసేదాకా సామి దర్గాలోనే ఉంటాడు. బండిని సాయంత్రానికి అప్పజెప్పాలి. కనుమ ఒంటరిగా దిగాలి.

బయలుదేరే ముందు కాళ్లకు మొక్కాడు. సామి వేలితో గంధం తీసి అతని గొంతుకు రాశాడు.

"సామీ," అన్నాడు దస్తగిరి, ఎవరికీ వినబడకుండా. "పోయేటప్పుడు మలుపు చివర ఎవరు నిలబడతారు?"

"నువ్వే."

దస్తగిరికి అర్థం కాలేదు.

"పొద్దున నిలబడింటివి కదా, ఆ రాయి కాడ," అన్నాడు సామి. తర్వాత ఎవరో పిలిస్తే అటు లేచిపోయాడు.

ఎండ తగ్గుతుండగా దస్తగిరి కనుమ దిగాడు. గొంతు మీద గంధం ఆరి చర్మాన్ని పట్టి లాగుతోంది. తపసి చెట్టు వచ్చింది. దాని కింద ఎవరూ లేరు. దాని ముందు లారీ మలుపు, నడి మలుపులో సందు. భయం పొద్దున ఎంత ఉందో అంతే ఉంది.

లోయకు అవతల, మలుపు కింది చివర, సున్నం కొట్టిన రాయి తెల్లగా కనబడింది. పొద్దున దాని మీద కాలు ఆనించి వణికినవాడు ఇంకా అక్కడే నిలబడి, ఇటే చూస్తున్నట్టు అనిపించింది.

దస్తగిరి వాణ్ణే చూశాడు. గేరు వేశాడు.

"వస్తాండా," అన్నాడు పైకే.