ఊడ దిగే వేళ

చెన్నరాయస్వామిని ప్రశ్న అడిగినవాళ్లకు ముందు పని దొరికేది, జవాబు తర్వాత. కొందరికి పని ఒక్కటే మిగిలేది. ఈ సంగతి తెలిసీ శిష్యుడు పెన్నోబులు ఆ ఉదయం నోరు తెరిచాడంటే, గుండెలో బరువు అంతగా ఉందన్నమాట.

"స్వామీ, కష్టం మనిషిని గట్టిచేస్తాదంటారు. కన్నబిడ్డ రమ్మని కబురు పంపితే పోవాల్నా, చూస్తా ఊరుకోవాల్నా?"

పెన్నోబులుకు ఉన్నది ఒక్క కూతురు, సుంకమ్మ. తల్లి లేని పిల్ల. తనకు నచ్చిన తాపీమేస్త్రీని పెళ్లాడి కదిరిలో కాపురం పెట్టింది. మొదట్లో గిన్నెలకూ బియ్యానికీ కటకటపడుతుంటే తండ్రి పరుగెత్తబోయాడు. "ఆగప్పా, వాళ్ల కాళ్లమీద వాళ్లను నిలబడనీ" అని స్వామే ఆపాడు. ఆ మాట నిజమే అయింది, పిల్ల నిలదొక్కుకుంది. ఇప్పుడు ఏడో నెల. నాన్న వచ్చి తీసుకుపోతే పుట్టింట్లో ఉండాలని ఉందని మొగుడితో చెప్పి పంపింది. అల్లుడు గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్పి, మామ పెదవి విప్పకపోయేసరికి మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. అప్పటినుంచీ పెన్నోబులుకు అన్నం సయించడం లేదు.

స్వామి "నేను లేనప్పుడు చేను ఎట్లుందో చూద్దాం రా" అంటూ పార తీసి శిష్యుడి చేతికిచ్చాడు.

ఆశ్రమం వెనక బోరు కింద వేరుశనగ. మొలకలు వచ్చిన కొత్తలో పెన్నోబులు తడి పెట్టబోతే స్వామి వద్దన్నాడు. కొన్నాళ్లు దప్పిక తెలిస్తే వేళ్లు లోతుకు పోతాయన్నాడు. అన్నట్టే మొక్కలు కాస్త వాడి, తర్వాత పెట్టిన తడికి నిగనిగలాడుతూ లేచాయి. ఆ కిటుకు పెన్నోబులుకు ఎంత నచ్చిందంటే, స్వామి దూరపు ఊరికి వెళ్లినప్పుడు చేను విరగబూసినా నీళ్లు వదల్లేదు. కరెంటు ఉంది, బోరులో నీళ్లున్నాయి. గురువు మాట దాటకూడదని మోటారు వేయకుండా కూర్చున్నాడు మహానుభావుడు.

"మధ్యాన్నం కొంచెం తల వాలుస్తాది గానీ స్వామీ, పొద్దున చూడండి, పచ్చగానే ఉంటాది" అన్నాడు కాస్త గర్వంగా.

స్వామి చేలోకి దిగి ఒక మొక్క పక్కన కూర్చుని కొమ్మను పైకెత్తాడు.

"కిందికి చూడప్పా."

పెన్నోబులు మోకాళ్లమీద వంగాడు. వేరుశనగ పూసేది పైన, కాసేది మట్టిలో. పూత వాడాక దాని మొదట్లోంచి ఊడ పుట్టి, నేలను వెతుక్కుంటూ వచ్చి లోపలికి దిగితేనే కాయ. ఇక్కడ నేల పెంకులా బిగిసిపోయింది. సూదుల్లాంటి ఊడలు దాన్ని తాకి, దిగలేక, పక్కకు ఒరిగి నల్లబడుతున్నాయి. ఒకదాన్ని బొటనవేలితో లోపలికి నొక్కబోయాడు. అది పుటుక్కున విరిగింది.

విరిగిన ఊడను అరచేతిలోకి తీసుకున్నాడు. ఖాళీ చెంబు కింద పెట్టి "పోయొస్తా మామా" అన్న అల్లుడి గొంతు గుర్తొచ్చింది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా కాస్త బాగుండేదనిపించింది.

"దప్పిక మంచిదని మీరే అంటిరి కదా స్వామీ!"

"అంటి. అప్పుడు చెట్టు వేరు దింపుకుంటాండె. ఇప్పుడు దాని కడుపున కాయ పడాల."

"అంతా పాడు చేసినానా?"

స్వామి ఇంకో కొమ్మ ఎత్తాడు. దాని కింద లేత ఊడలు కొన్ని, ఇంకా నేలదాకా రానివి, వేలాడుతున్నాయి. "ఇవి ఉండాయి కదప్పా. మోటారు వెయ్యి."

పెన్నోబులు పరుగున పోయి మోటారు వేశాడు. నీళ్లు కాలువ వెంట వచ్చి మొదటి మడిలోకి మళ్లాయి. ఎండిన నేల బుడబుడమంటూ తాగుతోంది. అతను పైపంచెతో కళ్లు తుడుచుకుని పార పట్టుకుని నిలబడ్డాడు. చేనంతా తడిసేదాకా అక్కడినుంచి కదలకూడదని అనుకున్నాడు పాపం.

స్వామి మెల్లగా ఆ పార అతని చేతిలోంచి తీసుకున్నాడు.

"నీళ్లు నేను కడతాలే. ఆ బిడ్డ ఇంకా ఈ పక్కకే చూస్తాంటాది, నువ్వు పో."