మొగ్గలోనే పోయిన పరుపు

బిర్యానీలో మరాఠీ మొగ్గ పంటికి తగిలితే ఏరి పళ్లెం అంచున పెడతారే, అది ఏమి కావలసిందో మీలో ఒక్కరైనా అడిగారా? అది తెల్లబూరుగు మొగ్గ. కోయకపోతే కాయయ్యేది, ఎండలకు పగిలి దూదయ్యేది. ఆ చెట్ల వంశమే అంత. ఇద్దరు చేతులు కలిపినా అందని మాను, అయినా అందరికీ లోకువే. ఎర్రబూరుగును అగ్గిపుల్లలకు నరుకుతాం, తెల్లబూరుగును మొగ్గలోనే దులుపుతాం.

పరుపులు కుట్టే హుస్సేనయ్య సాయంత్రాలు శిష్యులకు తత్వాలు చెప్పేవాడు. వాదన ఆయనకు గిట్టదు. ఒకనాడు శిష్యుడు మౌలాలి అడిగాడు: "గురువా, చెట్టు నాది. దూది కావాలంటే చైత్రందాకా ఆగాలి. మొగ్గకైతే ఇప్పుడే మంచి ధర. అంతా కోయిస్తే తప్పేముంది?"

"నేనూ కోయించాను," అన్నాడు హుస్సేనయ్య.

కొన్నేళ్ల కిందట ఒక పుష్యమాసంలో మొగ్గలు కొనే షావుకారు మనుషులు ఊళ్లో, పొరుగూళ్లలో ప్రతి బూరుగుకూ నిచ్చెన వేశారు. హుస్సేనయ్య దొడ్లో మూడు చెట్లనూ చిటారు కొమ్మదాకా దులిపారు. మాఘంలో ఆయన తల్లి దస్తగిరమ్మ జారిపడి, తుంటి విరిగి మంచం పట్టింది. చైత్రానికి వీపంతా పుండ్లు. బూరుగు పరుపైతే ఒరుసుకోదన్నారు. ఊరు తిరిగాడు, పొరుగూళ్లు తిరిగాడు. ఏ కొమ్మకూ కాయ లేదు. పట్నంలో బూరుగు దూదని అమ్మింది విప్పి చూస్తే మిల్లు చెత్త. చివరికి మామూలు పత్తితోనే కుట్టాడు. అది వారానికే గడ్డలు కట్టింది.

"ఊరందరికీ కుట్టావు కదరా," అంది తల్లి. "నా పరుపు మాత్రం బిర్యానీలోకి పోయింది." నవ్వబోయింది. వీపు కదిలి, నొప్పికి కళ్లు మూసుకుంది.

మరుసటి ఏడు ఆయన ఒక్క మొగ్గనూ ముట్టనివ్వలేదు. దూది గోతాలకొద్దీ వచ్చింది. పడుకోవడానికి ఆమె లేదు.

మౌలాలి గొణిగాడు: "మా ఇంట్లో మంచం పట్టినవాళ్లు ఎవరూ లేరు గురువా."

"పుష్యంలో మా అమ్మ కూడా బావి నుంచి నీళ్లు మోసిందిరా."

హుస్సేనయ్య అందరివైపూ తిరిగాడు. "లేవండి. ఇళ్లకు పోయి, మీ ముసలివాళ్లు పడుకునే చోటు ఒకసారి అరచేత్తో నొక్కి చూడండి. నిచ్చెన సంగతి ఆ తర్వాత."