ఓబులు పెట్టని ఓండ్ర

గొడుగుకొండ పేరు వినని జంతువు ఏ అడవిలోనూ లేదు. నడివేసవిలోనూ మంచు కరగని కొండ అది. ఉన్నట్టుండి దాని నెత్తిన ఓ తెల్లమబ్బు గొడుగులా గుండ్రంగా విచ్చుకుంటుంది. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. అది విచ్చుకున్న కాసేపటికే పైన గాలి లేస్తుంది, మంచు చరియలు విరిగి జారతాయి. అప్పుడు అక్కడున్నవాళ్లు మళ్లీ కనబడరు. ఇదంతా తెలిసే వస్తారు. అంత భయం లేకపోతే దాన్ని ఎక్కాలని ఎవరికీ తోచేది కాదేమో!

వచ్చేది పేరు కోసం. కొండ దిగువన బల్లపరుపు బండ ఒకటుంది. శిఖరం మీది రాయిని ముట్టుకుని వచ్చినవాళ్ల పేరును పేరయ్య అనే నక్క ఆ బండెక్కి, నాలుగు లోయలకీ వినబడేలా మూడుసార్లు కేకేసేవాడు. ఆ కేక కోసం ఎక్కడెక్కడి జంతువులో తేనెతుట్టెలు, ఎండుచేపలు మోసుకొచ్చి వాడి ముందు పెట్టేవి. కొండెక్కించే ఏర్పాట్లన్నీ పేరయ్యవే. పేరయ్య మాత్రం మొదటి మలుపు దాటి పైకి పోయిన పాపాన పోలేదు. కింద కూర్చుంటేనే కడుపు నిండుతుంటే ఎందుకు పోతాడు?

కష్టమంతా ఇద్దరిది. చంద్రి అనే కొండమేక ముందు నడుస్తూ, గిట్టతో మంచును తట్టి చూసి, గట్టిచోటే అడుగెయ్యమనేది. ఆమె మెడలో గంట. వెనకవాళ్లు ఆ మోత పట్టుకుని నడవాలి. ఓబులు అనే కంచరగాడిద సగం దారి దాకా మూటలు మోసి, అక్కడున్న చూపుబండ దగ్గర ఆగిపోయేవాడు. అతని అసలు పని అక్కడే మొదలు. పైదారిలో నడిచేవాళ్లకు కొండ ముక్కు అడ్డమొచ్చి శిఖరం కనబడదు. చూపుబండ నుంచి కనబడుతుంది. గొడుగు అంచు కనబడిందంటే ఓబులు ఓండ్ర పెట్టాలి. అది వినబడితే ఎంతటివాడైనా, శిఖరం ఇంకో నాలుగు అడుగులే ఉన్నా, వెనక్కి తిరగాల్సిందే. పదకొండేళ్లుగా ఇదే పద్ధతి. పదకొండేళ్లలో ఒక్క ప్రాణం పోలేదు.

ఆ ఏడు మాత్రం ఓబులుకు కలిసిరాలేదు. మూడుసార్లు మబ్బు అంచు చూసి ఓండ్ర పెట్టాడు. మూడుసార్లూ మబ్బు విడిపోయి ఎండ కాసింది. శిఖరం చూడకుండానే దిగొచ్చిన దుప్పులూ అడవిపందులూ అతని మొహం మీదే నవ్వాయి. "ఈ ముసలాడికి తన తోక కదిలినా భయమే" అన్నాయి.

చంద్రి మాత్రం నవ్వలేదు. "నవ్వనీ అన్నా. నవ్వడానికి బతికున్నారుగా" అంది.

అంత మంచిమాట విన్నా, ఆ నవ్వులు ఓబులు చెవుల్లోంచి పోలేదు.

అలాంటి రోజుల్లో తురాయి వచ్చాడు. మైదానాల్లో పందేలన్నీ గెలిచిన గుర్రం. వస్తూనే పేరయ్య ముందు పెద్ద తేనెతుట్టె దించాడు.

"పరుగులో నాకు సాటి లేరు. ఇక మిగిలింది ఈ కొండే. నా పేరు ఇక్కడ మోగాలి."

"మోగుతుంది బాబూ, మోగకేం!" అన్నాడు పేరయ్య. పైకి అలా అన్నాడే గాని లోపల గుబులు. వీడు కూడా ఉత్తినే దిగొస్తే ఇక తన బండ మొహం చూసేదెవరు?

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. చూపుబండ దాకా తనూ వస్తానన్నాడు పేరయ్య. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి! ఓబులుకు అది వింతగానే తోచింది, కానీ అడగలేదు.

చూపుబండ దగ్గర చంద్రి ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. "వెళ్లొస్తా అన్నా. నా చెవులు నీ మీదే ఉంటాయి." గంట మోగించుకుంటూ పోయింది. వెనకాలే తురాయి.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి శిఖరం పక్కన సన్నగా తెల్లటి అంచు కనబడింది. ఓబులు మెడ సాచి ఊపిరి పీల్చాడు.

"ఆగు మామా!" పేరయ్య అడ్డం వచ్చాడు. "ఏమిటది?"

"గొడుగు."

"మొన్నా ఇదే మాటన్నావు. అటుమొన్నా ఇదే మాటన్నావు."

"నా పని నన్ను చెయ్యనీ."

"నీ పనికి నేనడ్డమా? చంద్రి మాట చెప్పి తప్పుకుంటా. పొద్దున నాతో ఏమందో తెలుసా? 'మా అన్న అరవడం, నేను దిగడం, లోకం నవ్వడం. తల ఎత్తుకోలేకపోతున్నా పేరయ్యా. ఈసారైనా మబ్బు పూర్తిగా విచ్చుకున్నాకే అరవమని చెప్పు' అంది. నీ ముఖాన అనలేకపోయింది, పాపం."

ఓబులు పీల్చిన ఊపిరి పీల్చినట్టే వదిలేశాడు. ఎవరు నవ్వినా ఓర్చుకున్నాడు. చంద్రి తన వల్ల తలదించుకుంటోందంటే మాత్రం ఓర్చుకోలేకపోయాడు. నిజమా అని అడుగుదామంటే ఆమె పక్కన లేదు.

"కాసేపు చూడు మామా. విడిపోకపోతే అప్పుడే అరుద్దువు గాని. ఎవరొద్దన్నారు?"

కాసేపు చూశాడు. మబ్బు విడిపోలేదు. పెరిగింది, వంగింది, కొండ నెత్తి మీద నిండుగా విచ్చుకుంది. అప్పుడు ఓబులు గొంతు చిరిగేలా ఓండ్ర పెట్టాడు. కానీ అప్పటికే గాలి లేచింది. అతని అరుపు అతని చెవులకే సరిగ్గా వినబడలేదు. పేరయ్య తోక ముడిచి కిందికి పరిగెత్తాడు.

పొద్దు వాలేముందు గాలి తగ్గింది. ఓబులు ఎన్నడూ నడవని పైదారి పట్టాడు. కొండ ముక్కు దాటాక ఒక రాతి సందులో తురాయి వణుకుతూ కనబడ్డాడు. వాడికి ఇరవై అడుగుల అవతల దారి లేదు. చరియ విరిగిపోయి కింద లోయ కనబడుతోంది. విరిగిన అంచున ఓ రాయికి చిక్కుకుని, తోలుపట్టీతో సహా, చంద్రి గంట.

"మబ్బు వాసన నాకే ముందు తగిలింది" అన్నాడు తురాయి. "దిగిపోదామన్నాను. ఒట్టు, నేనే అన్నాను. ఆమె నవ్వింది. 'మా అన్న అరవలేదుగా, అరవలేదంటే భయం లేదనే. పద, నీ రాయి ముట్టుకుందువు గాని' అంది."

ఓబులు విరిగిన అంచు దాకా వెళ్లి లోయలోకి చూశాడు. తిరిగొచ్చి, "నా అరుపంటే తలవంపుగా ఉందని ఏమైనా అందా?" అని అడిగాడు.

"తలవంపా? దారి పొడుగునా నీ గొప్పే చెప్పింది."

ఓబులు ఏడ్చాడు. గుర్రం ముందు, కొండ ముందు, సిగ్గు లేకుండా ఏడ్చాడు. ఆ తర్వాత గంటను నోటితో తీసి మూట కింద, నడిస్తే మోగేలా దోపుకున్నాడు. "కిందికెళ్లాక నేను చెప్పేదాకా నోరు విప్పకు" అన్నాడు తురాయితో.

దిగువన జంతువులన్నీ గుమిగూడి ఉన్నాయి. వాటి పెద్ద ఎలుగమ్మ, ముసలి ఎలుగుబంటి, బండ పక్కనే కూర్చుంది. పేరయ్య కన్నార్పకుండా దారివైపు చూస్తున్నాడు. మలుపు అవతల్నుంచి గంట మోత వినబడింది. ఆ వెనక గిట్టల చప్పుడు.

"చంద్రి! చంద్రి వస్తోంది!" అని అందరూ కేకలేశారు.

పేరయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క గెంతులో బండెక్కాడు.

"చూశారా? గొడుగు విచ్చుకున్నా క్షేమంగా దిగొస్తున్నారు! పిరికి అరుపు విని ఇన్నేళ్లు ఎంతమంది ఉత్తినే దిగొచ్చారు! ఇవాళ ఆ నోరు మూయించింది ఎవరనుకున్నారు? నేనే! చంద్రి వద్దందని చిన్న మాట అల్లాను, మామ నమ్మాడు."

"అల్లావా?" అంది ఎలుగమ్మ. "మరి చంద్రి అనలేదూ?"

"అది నాతో మాట్లాడి ఎన్నాళ్లయింది!" అని పేరయ్య పగలబడి నవ్వాడు.

మలుపు తిరిగి ఓబులు వచ్చాడు. వెనక తలదించుకుని తురాయి. ఇంకెవరూ రాలేదు. ఓబులు మూట కిందనుంచి గంట తీసి ఎలుగమ్మ ముందు పెట్టాడు.

"వాడు అల్లాడు, నేను నమ్మాను. ఇద్దరం కలిసి చంపాం" అన్నాడు.

 పేరయ్య ఇక ఏం చెప్పినా అతకదు, అంతా తన నోటితోనే చెప్పుకున్నాడు. ఎలుగమ్మ లేచి ఒకే మాటంది, "దిగు." దిగాడు. మళ్లీ ఆ బండ ఎక్కలేదు. ఆ లోయల్లో వాడికి ఎండుచేప ముక్క పెట్టినవాళ్లు కూడా లేరు. తురాయి తన పేరు మాటే ఎత్తకుండా మైదానాలకు వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బండెక్కింది ఓబులు. మధ్యాహ్నం మింగేసిన ఓండ్రను మూడుసార్లు పెట్టాడు. నాలుగు లోయలూ విన్నాయి. వినాల్సిన చంద్రి వినలేదు.

గొడుగుకొండకు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. చూపుబండ మీద ఓబులు, మెడలో చంద్రి గంటతో, గిట్టంత మబ్బు కనబడినా అరుస్తూనే ఉన్నాడు. ఇప్పుడెవరూ నవ్వరు.

పైకి రమ్మనే గొంతులు వెయ్యి ఉంటాయి. వెనక్కి రమ్మనే గొంతు ఒక్కటున్నా దాన్ని సిగ్గుపడనివ్వకూడదు.