ఏటి గట్టున కప్పల వరస

ఏటిగట్టు మీది తుంగపొదలో నూకాలు అనే బాతు గుడ్లు పొదుగుతోంది. ముందు విడత పిల్లలు ఆరుగురూ అవతలి లంకలో నత్తలు ఏరుకు తింటున్నారు. ఇక్కడ గుడ్లు చల్లారకూడదు, అక్కడ పిల్లలు చూపు దాటకూడదు. తిన్నారో లేదో, తడిశారేమో అని మెడ సాచి పొద్దంతా అటే చూస్తుంది. తడుస్తారేమోనని దిగులుపడే బాతు ఆ ఏటి పొడుగునా అదొక్కతే.

ఆ మధ్యాహ్నం పిల్లలు నీటి అంచున ఒకచోట చేరి కునుకు తీశారు. లంక ఎగువన గడ్డి కదిలింది. నక్క.

నూకాలు దాన్ని చూసింది. తను అరిస్తే నక్క పసిగట్టి ఒక్క ఉరుకున పిల్లల మీద పడుతుంది. ఈదుకుంటూ వెళ్లేంత వ్యవధి లేదు. గట్టు కిందున్న ముసలి బోదురుకప్ప గంగులుని, అరిచి పిల్లల్ని లేపమని బతిమాలింది.

"మా అరుపులు నక్క పట్టించుకోదులే, రోజూ వినేవే. కానీ నీ పిల్లలూ పట్టించుకోరే తల్లీ," అన్నాడు గంగులు.

అయినా ఎనిమిది కప్పల్ని గట్టు వెంట వరసగా కూర్చోబెట్టి, తను పిల్లలకి ఎదురుగా నడిమిన కూర్చుని, అందరినీ ఒక్కసారే అరవమన్నాడు. అరుపులు లంకకి ముందొకటి వెనకొకటిగా చెదిరి చేరాయి. పిల్లలు కళ్లయినా తెరవలేదు. నక్క మరో నాలుగడుగులు జరిగింది.

కలిసే అరిచాం కదా, కలిసి ఎందుకు చేరలేదని గంగులు తికమకపడ్డాడు. నూకాలుకి తను పిల్లల్ని తిండికి పిలిచే పద్ధతి తోచింది.

"దూరాన ఉన్నవాణ్ణి ముందు పిలుస్తాను తాతా, దగ్గరవాణ్ణి ఆఖర్న. అప్పుడే అందరూ ఒక్కసారి చేరతారు. మీ వరసలో కొసనున్నవాళ్లకి నా పిల్లలు దూరం. వాళ్లు ముందు అరవాలి, నువ్వు ఆఖర్న."

పెద్దవాణ్ణి పట్టుకుని ఆఖరంటావా అని గంగులు సణిగాడు గానీ, సరేనన్నాడు.

రెండు కొసల నుంచీ నడిమికి, రెప్పపాటు తేడాలతో అరుపులు సాగాయి. నక్క చెవిన పడింది మామూలు కప్పల గోలే. పిల్లలున్న చోట మాత్రం తొమ్మిది గొంతులూ ఒక్క క్షణాన కలిసి పిడుగులా పడ్డాయి. ఆరుగురూ ఉలిక్కిపడి ఏట్లో దూకారు.

నక్క నీటి అంచున నిలబడి, వాళ్లకెవరు చెప్పారర్రా అని అరిచింది.

"నీ ఎదుటే చెప్పాం కదా మామా," అన్నాడు గంగులు. "నువ్వూ విన్నావు."

పిల్లలు ఈదుకుంటూ వచ్చి గట్టెక్కారు. నూకాలు ఒక్కొక్కరినీ ముక్కుతో తడిమి, కడుపు నిండిందా అని అడిగింది.

చిన్న గొంతులైనా సరే, చేరవలసిన చోటికి ఒక్క క్షణాన చేరితే పెద్ద కేకే అవుతుంది.