గదీ, చోటూ

నరహరిగారి దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్ళందరికీ ఆయన అలవాటొకటి తెలుసు. మాటకు అర్థం అడిగితే నిఘంటువు తియ్యరు. ఆ మాట ఏ మనిషికి ఎప్పుడు అవసరమైందో చెబుతారు. కాలేజీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కూడా, విజయనగరంలోని తమ ఇంట్లో, నేర్చుకోవాలని వచ్చిన పెద్దవాళ్ళకు పాఠాలు చెప్పేవారు.

ఒక ఆదివారం ఉదయం శిష్యురాలు నాగలత సందేహంతో వచ్చింది. ఆమె అనువాదాలు చేస్తుంది.

"మాస్టారూ, 'రూమ్' అన్న మాట దగ్గర ఆగిపోయాను. ముందు 'ఎ' ఉంటే గది. ఆ ఒక్క అక్షరం తీసేస్తే చోటు. మనవాళ్ళేమో అద్దెకుండే కొంపనే రూమంటారు. గది ఉందంటే చోటున్నట్టేగా? మళ్ళీ రెండు అర్థాలెందుకండీ?"

మాస్టారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "మా కాలేజీలో గదులు ఊడ్చే నరసమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకు జరిగింది చెబుతాను, విను" అన్నారు.

ఆవిడ కాలేజీకి రాకముందు సంగతి. నరసమ్మ భర్త పైడిరాజు ఇళ్ళకు రంగులు వేసేవాడు. విశాఖపట్నంలో, కొండవాలులో కట్టిన ఒక మూడంతస్తుల ఇంటిమీద ఒంటిగదిలో అద్దెకుండేవారు. పిల్లలు లేరు. ఆ గదికి ఒకటే కిటికీ. అందులోంచి, రెండు మేడల సందున, కాస్త సముద్రం కనిపించేది. పనినుంచి రాగానే పైడిరాజు ఆ కిటికీ దగ్గరే కూర్చునేవాడు. ఇంటి యజమానురాలు సత్యవతిగారు చెడ్డ మనిషి కాదు. పండగకు పిండివంటలు పైకి పంపేవారు. పైడిరాజుకి ఊపిరాడని రోజున ఆటో పిలిపించి ఆస్పత్రికి పంపింది కూడా ఆవిడే.

ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉంచుకున్నాక డాక్టరు నరసమ్మను పక్కకు పిలిచి, చెయ్యగలిగింది ఇంకేమీ లేదనీ, ఇంటికి తీసుకెళ్ళి ప్రశాంతంగా ఉంచమనీ చెప్పాడు. పైడిరాజు తెలివిలోనే ఉన్నాడు. వినకుండానే సంగతి గ్రహించాడు. "మన రూముకెళిపోదామే. కిటికీ కాడ పడుకుంటాను" అన్నాడు.

డాక్టరు చెప్పిన మాట ముందే చేరినట్టుంది, ఆటో ఇంటిముందు ఆగేసరికి గేటుకు లోపలి నుంచి తాళం వేసి ఉంది. సత్యవతిగారు వచ్చారు గానీ గేటు తియ్యలేదు. ఆటోలో పైడిరాజు రొప్పుతున్న తీరు చూసి ఆవిడకు కన్నీళ్ళు ఆగలేదు.

"నరసమ్మా, రోజులు మంచివి కావంట. ఈ నక్షత్రాల్లో ఇంట్లో ఎవరైనా పోతే ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాలన్నారు పంతులుగారు. అమ్మాయి పురిటికొచ్చింది. నిండు గర్భిణిని తీసుకుని నేనెక్కడికి పోను?"

"ఆ గది మాదే కదమ్మా!"

"మీదే. నేను కాదన్నానా? తాళంచెవి నీ దగ్గరే ఉంది. ఈ నాలుగు రోజులూ మాత్రం పైకి తీసుకెళ్ళకు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

నరసమ్మ నిజంగానే తాళంచెవి కొంగున ముడివేసుకుని ఉంది. ఇంకేదో అనబోయింది. పైడిరాజు ఆటోలోంచే చెయ్యి ఊపాడు. "ఆయమ్మనేటీ అనకు. పద."

స్టేషను దగ్గర లాడ్జికి వెళ్ళారు. గుమాస్తా రూములున్నాయని చెప్పి తాళం చేతికివ్వబోయాడు. తలెత్తి ఆటోవైపు చూశాడు. తాళాన్ని మళ్ళీ మేకుకి తగిలించి, "ఇందాకే ఎవరో ఫోన్లో చెప్పుకున్నారు, మర్చిపోయాను" అన్నాడు. అక్కణ్ణుంచి, పైడిరాజు ఆ మధ్యదాకా రంగులు వేస్తూ ఉన్న కొత్త ఇంటికి వెళ్ళారు. లోపల ఇంకా ఎవరూ దిగలేదు, గదులన్నీ ఖాళీ. ఆ ఇంటాయన ఫోనులో, "గృహప్రవేశం కాని ఇంట్లోనా తల్లీ?" అని మాత్రం అన్నాడు. కోప్పడలేదు. ఎవరూ కోప్పడలేదని నరసమ్మ మరీ మరీ చెప్పింది. చివరికి ఆటో అతనికీ భయం పట్టుకుంది. తన బండిలో ప్రాణం పోతుందేమోనని వాళ్ళను ఒక బస్టాపు నీడలో దింపి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

అక్కడి సిమెంటు బల్లమీద నరసమ్మ, భర్త తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఒక బస్సు విసురుగా పోయినప్పుడు గాలి మొహానికి తగిలి పైడిరాజు కదిలాడు.

"కిటికీ తీసినావా?"

"తీసినానయ్యా."

"సల్లగుంది" అన్నాడు. ఆ తరవాత మాట్లాడలేదు.

కబురు తెలియగానే సత్యవతిగారు పరుగున వచ్చారు. కొత్తబట్ట తెచ్చారు. తమ ఇంటి ఎదుట, వీధి సగానికి షామియానా వేయించారు, కుర్చీలు తెప్పించారు. వచ్చినవాళ్ళందరికీ టీలు అందాయి. ఇలాంటి ఇంటివాళ్ళు ఎవరికి దొరుకుతారని వీధంతా చెప్పుకుంది. నరసమ్మ శవం పక్కన కూర్చుని, తలెత్తి మేడమీద మూసి ఉన్న కిటికీని చూస్తూ ఉండిపోయింది. ఏడుపు రాలేదట.

ఆమె మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. విజయనగరం వచ్చి మాస్టారి కాలేజీలో పనికి కుదిరింది. ఉండడానికి వెనకవైపు పెద్ద గదే ఇచ్చారు. ఆమె మాత్రం చలిలోనూ వానలోనూ వరండాలోనే పడుకునేది. లోపల అంత గది పెట్టుకుని ఇక్కడెందుకని మాస్టారు ఒకనాడు అడిగారు.

"నాను అందులో పట్టనండి బాబూ" అందిట.

మాస్టారు చెప్పడం ఆపారు. నాగలత తన కాగితాల్లో ఆ మాట ఉన్న పుట తీసింది. "అయితే రెండో అర్థం వదిలెయ్యమంటారా?" అంది.

"వదలకమ్మా, రాయి. ఉదాహరణ మాత్రం నన్నడక్కు. ఆ అర్థంలో నేను విన్న వాక్యాలన్నీ 'లేదు' అనే ముగిశాయి" అన్నారు మాస్టారు.