గుండ్లవంకలో లేని జొన్న

అనగనగా, మేఘాలు కూడా బతిమాలితేగాని కురవని ఒక నల్లరేగడి సీమ. అందులో గుండ్లవంక అనే ఊరు. ఆ ఊళ్ళో ఓబులమ్మ అనే ఒంటరి రైతు ఉండేది.

ఓబులమ్మకు ఐదెకరాల చేను, రెండెద్దులు. కిందటేడు ఒక ఎద్దు చచ్చిపోయింది. ఒంటెద్దుతో ఏం దున్నుతుంది? పొరుగువాళ్ళను బతిమాలి ఎద్దును తెచ్చుకుని, రెండెకరాల్లో మాత్రం జొన్న వేసింది. మిగతా మూడెకరాలూ బీడు పడ్డాయి. వచ్చే తొలకరికి ఇంకో ఎద్దు రాకపోతే చేను కౌలుకిచ్చి, తాను కూలికి పోవలసిందే.

ఆ ఏడు వానలు అడగకుండానే కురిశాయి. జొన్న విరగపండింది. ఇక సంతోషమే కదా అంటారా? రైతుకు పండకపోతే ఒక ఏడుపు, పండితే ఇంకో ఏడుపు. అంగడిలో ధర సగానికి పడిపోయింది.

రాజుగారిది జాలిగుండె. "జొన్న వేసి నష్టపోయినవాళ్ళకు నా బొక్కసం తోడుంటుంది" అని చాటింపు వేయించాడు. ఊరికొక సంచి వరహాలు. ఊళ్ళో ఎన్ని ఎకరాల్లో జొన్న వేస్తే, సంచిని అన్ని వాటాలు చేసి పంచాలి.

సంచి మాట వినగానే గుండ్లవంకలో లేని జొన్న మొలిచింది! వర్తకుడు కామేశం తన నలభై ఎకరాల తుమ్మ అడవిని జొన్నచేనని రాయించాడు. ఊరిపెద్ద బసవప్ప ముప్ఫై ఎకరాల బీడును రాయించాడు. అది చాలదన్నట్టు ఓబులమ్మకు హితబోధ ఒకటి.

"ఐదెకరాలూ రాయించుకోమ్మా. ఎద్దొస్తుంది. రాజుగారేమన్నా నీ చేలోకొచ్చి చూస్తాడా?"

ఓబులమ్మ మనసు ఒక్క క్షణం ఊగింది. ఎద్దు కళ్ళ ముందు కదిలింది.

"వద్దులే పెద్దాయనా. బీడును జొన్నంటే, నేను పండించిన జొన్న కూడా అబద్ధమైపోతుంది" అంది.

"నీ ఖర్మ!" అని బసవప్ప వెళ్ళిపోయాడు.

సంచి పట్టుకుని మంత్రి వచ్చాడు. ఆయన నాగలి పట్టిన ఇంట పుట్టినవాడు. చిట్టా చదివి మీసం దువ్వుకున్నాడు. అందరికంటే ఎక్కువ రాయించిన ఇద్దరినీ, అందరికంటే తక్కువ రాయించిన ఓబులమ్మనూ ముందుకు పిలిచాడు.

"జొన్న సేద్యం తెలిసినవాళ్ళు, ఒక సలహా చెప్పండి. రాజుగారి జొన్నచేలు కోశాక వానలు ముఖం చాటేశాయి. కోసిన కొయ్యకాళ్ళకు మాత్రం లేత పిలకలు లేచాయి. మందను తోలి మేపమంటారా?"

"అడగాలా ప్రభూ? లేత మేత, ఆవులకు విందు!" అన్నాడు కామేశం.

"మా ఇంట్లో ఏటా అదే పద్ధతి!" అన్నాడు బసవప్ప.

ఓబులమ్మ ఉలిక్కిపడింది. పెద్దల మాటకు ఎదురు చెప్పాలి. ఊరికి తెలియని తన తప్పు ఒకటి బయట పెట్టుకోవాలి. అయినా మూగజీవాల ప్రాణం కదా!

"వద్దు దొరా! వానలేక వాడిన జొన్న పిలక విషం. దాన్నే మేము నాము అంటాం. మేసిన పశువు పూట తిరగకుండా చస్తుంది. నా ఎద్దు అట్లాగే పోయింది. ఏమరుపాటున చేలోకి వదిలి, నా చేతులతో నేనే చంపుకున్నా" అని భోరున ఏడ్చింది.

చుట్టూ ఉన్న రైతులు నిజమే, నిజమే అన్నారు.

మంత్రి ఆ ఇద్దరివైపు తిరిగాడు. "జొన్న పండించే ఇంట పసిపిల్లకు కూడా తెలిసిన మాట మీకు తెలియదా? పదండి, మీ చేలు చూపించండి."

చూపించడానికేముంది, తుమ్మముళ్ళు తప్ప! చిట్టాలోంచి డెబ్భై ఎకరాలు కొట్టేశారు. బసవప్ప పెద్దరికమూ ఊడింది. దొంగ వాటాలు పోయేసరికి నిజమైన వాటాలు రెట్టింపయ్యాయి. రెండెకరాలకే ఓబులమ్మ చేతికి ఒక మంచి కోడెను కొనేంత వచ్చింది. తొలకరికి ఐదెకరాలూ దున్నింది.

లేని పంటకు చెయ్యి చాస్తే ఉన్న పరువు పోతుంది. తన తప్పునైనా దాచని మనిషికి తన వాటా తనకు దక్కుతుంది.